మొద్దులో దాగిన దారం

పిల్లలూ! ఒక చిత్తుకాగితం తీసుకుని దాని అంచును నెమ్మదిగా చింపండి. చింపినచోటును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. నూగులాగా సన్నని పోగులు కనిపిస్తున్నాయి కదూ? భూతద్దం ఉంటే మరీ బాగా కనిపిస్తాయి. కాగితం నున్నటి రేకు అనుకుంటాం గాని, నిజానికి అది చాప వంటిది. చాపలో పుల్లలు వరసగా ఉంటాయి. కాగితంలో లక్షలాది పోగులు అడ్డదిడ్డంగా పడి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. అంతే తేడా.

ఆ పోగులకు మూలపదార్థం సెల్యులోజు. భూమి మీద మొక్కలు తయారుచేసే పదార్థాలన్నిటిలోకీ ఎక్కువగా ఉన్నది ఇదే. అది గడ్డిపరకలో ఉంది, తాటిచెట్టులో ఉంది, మీరు కూర్చున్న బల్లలో కూడా ఉంది. కాని దాన్ని విడిగా బయటికి తీయడం మాత్రం అన్ని మొక్కల్లోనూ ఒకేలాగా సాగదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికి బాగా తెలిసిన మూడు మొక్కలను చూస్తే ఈ సంగతి చక్కగా బోధపడుతుంది. ఒకటి పత్తి, రెండోది గోగు, మూడోది సరుగుడు.

మొదట పత్తి సంగతి చూద్దాం. శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్న ఖద్దరుకు పేరుపొందిన ఊరు. అక్కడివారు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకు ఉండే సన్నటి పళ్ళు దువ్వెనలాగా పనిచేసి, చెత్తను తీసివేసి, పోగులను తిన్నగా చేస్తాయి. తరవాత గింజలు తీసి, ఏకి, రాట్నం మీద వడుకుతారు. ఈ పని మొత్తంలో పొయ్యి లేదు, మందు లేదు. ఎందుకంటే ఎండిన పత్తిపోగులో 100 పాళ్ళకు 90 పాళ్ళ పైన సెల్యులోజే ఉంటుంది. ప్రకృతే దాన్ని శుభ్రం చేసి, కాయలో పెట్టి మనకు అందించింది. చెత్తా గింజా తీసేస్తే చాలు, దారం తయారు.

గోగు దగ్గర పని ఇంత తేలిక కాదు. దీన్ని మెస్తా అని కూడా అంటారు. గోంగూరకు ఇది దగ్గర చుట్టం. ఆ మాటలోనే గోగు ఉంది చూడండి: గోగు, కూర కలిస్తే గోంగూర! నార కోసం పెంచే రకాలు మనిషిని మించి ఎత్తు పెరుగుతాయి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన స్థానంలో ఈ పంట మీద చాలా ఏళ్ళ నుంచి కృషి జరుగుతోంది. అక్కడ తయారైన గోగు రకాలకు ఏ.ఎం.వి. అనే గుర్తు ఉంటుంది. అది ఆ ఊరి పేరును తెలిపే గుర్తే. ఈ నారతో గోనెసంచులు నేసే మిల్లులు విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల మొదలైన చోట్ల వెలిశాయి. ప్లాస్టిక్ సంచులు వచ్చిన తరవాత గోగు సాగు ఒకప్పటికంటె బాగా తగ్గిపోయింది.

గోగునారలో 100కి సుమారు 60 పాళ్ళు సెల్యులోజు. కాని అది బెరడులో దాగి ఉంటుంది. నారను నారతోనూ, బెరడును లోపలి పుల్లతోనూ అంటించి ఉంచే జిగురు ఒకటుంది. దాని పేరు పెక్టిన్. ఈ జిగురును వదిలించడానికి రైతు ఒక ఉపాయం చేస్తాడు. గోగు కర్రలను మోపులుగా కట్టి, చెరువులోనో గెడ్డలోనో ముంచి, పైన బరువు పెడతాడు. అక్కడితో అతని పని ఆగి, నీళ్ళలో ఉండే సూక్ష్మజీవుల పని మొదలవుతుంది. కంటికి కనిపించని ఈ కూలీలు పెక్టిన్‌ను తినివేస్తాయి. రెండు మూడు వారాల్లో నార వదులవుతుంది.

అయితే మోపులను ఏ రోజున పైకి తీయాలి? కష్టమైన పని ఇదే. రైతు పదో రోజు దాటిన దగ్గర నుంచి వచ్చి, ఒక కర్రను పైకి లాగి, నారను వేళ్ళతో ఒలిచి చూస్తాడు. అది పుల్లను వదలకుండా పెచ్చులతో వస్తే ఇంకా నానాలన్నమాట. జర్రున జారి వస్తే సరిపోయిందన్నమాట. పోనీ, ఇంకో వారం ఉంచితే మరింత శుభ్రం అవుతుంది కదా అంటారేమో! అలా కాదు. పెక్టిన్ అయిపోయిన తరవాత సూక్ష్మజీవులు ఊరుకోవు, నారనే తినడం మొదలుపెడతాయి. అప్పుడు నార బలం పోతుంది. పీచు పట్టుకుని లాగితే పుటుక్కున తెగుతుంది, ధర పడిపోతుంది. నాలుగైదు నెలల కష్టం ఫలించేదీ ఫలించనిదీ ఆ ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. సూక్ష్మజీవులు పనిచేసేటప్పుడు నీళ్ళలోని ఆమ్లజనిని వాడేసుకుంటాయి. అందుకే గోగు నానవేసిన చెరువు నల్లబడి, కంపు కొట్టి, చేపలు చచ్చిపోతాయి. పచ్చి కర్ర నుంచి బెరడును ముందే రిబ్బన్లలాగా ఒలిచి, ఆ బెరడును మాత్రమే నానవేసే పద్ధతి ఒకటుంది. దానికి నీళ్ళు చాలా తక్కువ పడతాయి.

“జిగురు వదలాలి, దారం చెడకూడదు.” ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. తరవాత మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఇప్పుడు మీలో ఎవరైనా ఒక ప్రశ్న వేయవచ్చు: “పత్తి తెల్లగా మెత్తగా ఉంటుంది, గోగునార బిరుసుగా ఉంటుంది, సరుగుడు మొద్దు ఇనుములాగా ఉంటుంది. మూడింటిలోనూ ఉన్నది ఒకటే పదార్థమని ఎలా తెలిసింది?”

మంచి ప్రశ్నే. దీనికి జవాబు కనుగొన్నవాడు అన్‌సెల్మ్ పాయెన్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన రకరకాల మొక్కల భాగాలను తీసుకుని, నత్రికామ్లంతోనూ క్షారాలతోనూ కడిగి చూశాడు. కరిగేదంతా కరిగిపోగా, ప్రతిసారీ ఒక తెల్లని పదార్థం మిగిలింది. మామూలు ఎండుకర్రను పరీక్షిస్తే 100 పాళ్ళలో 50 పాళ్ళ దాకా కార్బన్ ఉంటుంది. ఈ తెల్ల పదార్థంలో ఉన్నది 44 పాళ్ళే. ఏ మొక్క నుంచి తీసినా అదే లెక్క వచ్చింది! అంటే కర్ర ఒకే పదార్థం కాదు. అన్ని మొక్కల్లోనూ ఉండే తెల్ల పదార్థం ఒకటి, దాన్ని కప్పి ఉంచే కార్బన్ ఎక్కువ గల పదార్థం ఇంకొకటి. పాయెన్ ఈ సంగతి 1838లో ప్రకటించాడు. ఆ తెల్ల పదార్థానికే సెల్యులోజు అని పేరు వచ్చింది. కప్పి ఉంచే పదార్థాన్ని ఇప్పుడు లిగ్నిన్ అంటున్నాం.

ఇందులో ఒక తమాషా ఉంది. సెల్యులోజులో కార్బన్, ఉదజని, ఆమ్లజని ఏ పాళ్ళలో ఉన్నాయో, మనం తినే బియ్యప్పిండిలోని పిండిపదార్థంలోనూ అవే పాళ్ళలో ఉన్నాయి. రెండూ గ్లూకోజు అనే చక్కెర పూసలను గుచ్చిన దండలే. పిండిపదార్థంలో పూసలన్నీ ఒకే వైపుకు తిరిగి ఉండడం వల్ల దండ మెలి తిరుగుతుంది. సెల్యులోజులో ఒకటి విడిచి ఒకటి తలకిందులుగా ఉంటాయి. అందుచేత దండ తిన్నగా సాగి, పక్క దండలతో అతుక్కుని, నీళ్ళలో కరగని పోగు అవుతుంది. ఈ చిన్న తేడా వల్లనే అన్నం మనకు అరుగుతుంది, గడ్డి అరగదు. ఆవు గడ్డి తిని బతుకుతున్నదంటే, దాని పొట్టలో సెల్యులోజును విడగొట్టే సూక్ష్మజీవులు కాపురమున్నాయి కాబట్టి.

పత్తిలోని ఒక్కొక్క దండలో 10,000 పూసల దాకా ఉంటాయి. ఇంత పొడవైన అణువులు ఉంటాయని 1920లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగర్ చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. చివరకు ఆయన మాటే నిజమైంది. 1953లో ఆయనకు నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఇక మూడో మొక్క సరుగుడు. సర్వి అన్నా, చవుకు అన్నా ఇదే. భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం వైపు వెళితే ఇసుకనేలల్లో సరుగుడు తోటలు కనిపిస్తాయి. గాలి వీస్తే ఈ తోటలు సముద్రంలాగా హోరుమంటాయి. ఇది ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాలకు చెందిన చెట్టు. మన దేశంలో 19వ శతాబ్దంలో నాటడం మొదలుపెట్టారు. దీని ఆకులని మనం అనుకునే ఆకుపచ్చటి పుల్లలు ఆకులు కావు, సన్నటి రెమ్మలు. ఒక పుల్లను కణుపు దగ్గర విడదీసి చూడండి. కణుపు చుట్టూ చిన్న చిన్న పళ్ళలాగా ఉన్నవే అసలు ఆకులు.

సరుగుడు కర్రను ఒకప్పుడు వంటచెరకుగానూ, రైలు ఇంజన్లలో వేయడానికీ, పందిరి గుంజలకూ వాడేవారు. ఇప్పుడు నాలుగైదేళ్ళు పెంచి కాగితపు మిల్లులకు అమ్ముతున్నారు. పార్వతీపురం దాటి ఒడిశాలోకి వెళితే రాయగడ దగ్గర జే.కే. పేపరు మిల్లు ఉంది. ఇటు రాజమహేంద్రవరంలో ఆంధ్రా పేపరు మిల్లు ఉంది. తోటలో నిలబడ్డ చెట్టు అక్కడికి వెళ్ళి మీ నోటుపుస్తకం అవుతుంది.

వంద కిలోల ఎండు కర్రలో 40 నుంచి 45 కిలోల దాకా సెల్యులోజు ఉంటుంది. దాదాపు 25 కిలోలు లిగ్నిన్. తక్కినదాంట్లో ఎక్కువ భాగం హెమిసెల్యులోజు అనే పొట్టి దండలు. మట్టిగోడ కట్టేటప్పుడు మట్టిలో గడ్డి కలిపి తొక్కుతారు కదా? గడ్డి గోడను పగలకుండా పట్టి ఉంచుతుంది, మట్టి దాన్ని నిలబెడుతుంది. చెట్టులో గడ్డి వంటిది సెల్యులోజు, మట్టి వంటిది లిగ్నిన్. లిగ్నిన్ లేకపోతే సరుగుడు చెట్టు తడితాడులాగా నేలమీద వాలిపోవలసిందే. చెట్టుకు అది ప్రాణం. కాగితం చేసేవాడికి మాత్రం అడ్డం.

పెక్టిన్‌ను తిన్నంత సులభంగా లిగ్నిన్‌ను సూక్ష్మజీవులు తినలేవు. సరుగుడు మొద్దును చెరువులో నెల రోజులు ముంచి ఉంచినా చెక్కుచెదరదు. అందుచేత మిల్లులో దాన్ని ఉడకబెడతారు. బెరడు తీసిన కర్రను యంత్రం చిన్న చిన్న చెక్కలుగా తరుగుతుంది. వాటిని పెద్ద ఉక్కు పాత్రలో వేసి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన నీళ్ళు పోసి మూత బిగిస్తారు. మామూలుగా నీళ్ళు 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మరుగుతాయి. ఇక్కడ 165 డిగ్రీల దాకా వేడి కావాలి. అందుకని లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి ఏడు రెట్లు ఉండాలి. మీ ఇంటి ప్రెషర్ కుక్కరుకు ఇది పెద్దన్న అన్నమాట! ఈ పద్ధతిని 1879లో కార్ల్ డాల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. దీనికి క్రాఫ్ట్ పద్ధతి అని పేరు. జర్మను భాషలో క్రాఫ్ట్ అంటే బలం. ఇలా చేసిన కాగితం గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

కొన్ని గంటలు ఉడికేసరికి లిగ్నిన్ చిన్న ముక్కలుగా విడిపోయి నీళ్ళలో కరిగిపోతుంది. చెక్కముక్కలు విచ్చిపోయి గోధుమరంగు గుజ్జు అవుతాయి. అందులోని ఒక్కొక్క పోగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. మిగిలిన నల్లని ద్రవాన్ని పారబొయ్యరు. దాన్ని చిక్కబరచి బాయిలరులో మండిస్తారు. లిగ్నిన్ మండి ఆవిరినీ విద్యుత్తునూ ఇస్తుంది. అడుగున మిగిలిన పదార్థం నుంచి కాస్టిక్ సోడాను మళ్ళీ తయారు చేసుకుంటారు. అంటే కర్రలో సగం గుజ్జు అవుతుంది, తక్కిన సగం ఆ గుజ్జును వండడానికి వంటచెరకు అవుతుంది!

ఇప్పుడు గోగు రైతును జ్ఞాపకం చేసుకోండి. ఆయనకు వచ్చిన చిక్కే ఇక్కడా వస్తుంది. తక్కువ ఉడికితే చెక్కలు విచ్చుకోవు. ఎక్కువ ఉడికితే, లిగ్నిన్ తగ్గిపోయాక క్షారం సెల్యులోజు దండలనే తుంచుతుంది. 10,000 పూసల దండ కాస్తా 1,000 పూసల ముక్క కావచ్చు. గుజ్జు తెల్లగానే ఉంటుంది గాని, దానితో చేసిన కాగితం మడతపెడితే చిట్లుతుంది. మరి బిగించిన ఉక్కుపాత్రలోకి చెయ్యి పెట్టి, రైతులాగా పీకి చూడలేం కదా! అందుకే పరిశోధనాలయంలో పరీక్షలు కావలసివచ్చాయి.

మొదటి పరీక్షకు కావలసింది పొటాషియం పర్మాంగనేటు. నూతుల్లో వేసే ఊదారంగు మందు మీరు చూసే ఉంటారు, అదే ఇది. తూచిన గుజ్జులో దీని ద్రావణం పోస్తే, లిగ్నిన్ దాని రంగును హరిస్తుంది. ఎంత మందు ఖర్చయిందో లెక్క కడితే లిగ్నిన్ ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఈ లెక్కను కప్పా అంకె అంటారు. సరుగుడు వంటి కర్రలకు అది 20 దగ్గరికి వచ్చేసరికి ఉడకబెట్టడం ఆపుతారు. అప్పటికి గుజ్జులో 100కి 3 పాళ్ళ లిగ్నిన్ మిగిలి ఉంటుంది. కావాలనే దాన్ని మిగులుస్తారు. అది కూడా పోయేదాకా ఉడికిస్తే దారం చెడుతుంది.

రెండో పరీక్ష దండల పొడవు తెలుసుకోవడానికి. రాగి కలిసిన ఒక నీలిరంగు ద్రవంలో గుజ్జును కరిగించి, సన్నటి గాజుగొట్టంలోంచి దిగనిస్తారు. పొడవైన దండలు ఒకదానికొకటి తగులుకుని నెమ్మదిగా దిగుతాయి. పొట్టివి గబగబా జారిపోతాయి. గడియారం చూసి దారం చెడిందో లేదో చెప్పేస్తారు. మూడో పరీక్షలో గుజ్జును 100కి 17.5 పాళ్ళ కాస్టిక్ సోడా ఉన్న చల్లని ద్రావణంలో నానవేస్తారు. పొట్టి దండలు కరిగిపోతాయి. కరగక నిలిచినదాన్ని ఆల్ఫా సెల్యులోజు అంటారు. సరుగుడు గుజ్జులోని ఈ భాగమూ, పొందూరు ఖద్దరులోని పోగూ పదార్థం దృష్ట్యా ఒక్కటే!

మిగిలిన ఆ 3 పాళ్ళ లిగ్నిన్‌ను తీసి గుజ్జును తెల్లగా చేయడానికి ఒకప్పుడు క్లోరిన్ వాయువును వాడేవారు. దానివల్ల డయాక్సిన్లనే విషపదార్థాలు మిల్లు నీళ్ళలో చేరుతున్నాయని 1980ల్లో బయటపడింది. అప్పటి నుంచి మిల్లులు క్లోరిన్ వాయువును మానుకుని ఆమ్లజని, క్లోరిన్ డయాక్సైడ్ వంటివాటికి మారుతూ వచ్చాయి. టన్ను కాగితం చేయడానికి వేల లీటర్ల నీళ్ళు కావాలి. నాగావళి రాయగడ సీమలోంచి వచ్చి, పార్వతీపురం ప్రాంతం దాటి, శ్రీకాకుళం పట్టణం పక్కగా సముద్రంలో కలుస్తుంది. ఏ నది అయినా అంతే, పైన వాడినవారి నీళ్ళే కింది ఊరివారి కుండలోకి వస్తాయి. కాబట్టి నీళ్ళను శుభ్రం చేసి వదలడం కూడా కాగితం తయారీలో ఒక భాగమే.

కాస్టిక్ సోడా చర్మాన్నీ కళ్ళనూ కాల్చేస్తుంది. దాని జోలికి మీరు పోకండి. మీరు చేసే పరీక్షకు సూర్యుడే పరికరం. ఒక వార్తాపత్రిక ముక్క, ఒక నోటుపుస్తకం కాగితం పక్కపక్కన ఎండలో పెట్టండి. ఒక్కొక్కదాని మీద సగం దాకా అట్ట కప్పి, ఎగిరిపోకుండా రాయి పెట్టండి. నాలుగైదు రోజుల తరవాత అట్ట తీసి చూడండి. వార్తాపత్రికలో ఎండ తగిలిన సగం పచ్చబడి ఉంటుంది. నోటుపుస్తకం కాగితం పెద్దగా మారదు. ఎందుకని? వార్తాపత్రికల కాగితంలో, కర్రను ఉడకబెట్టకుండా యంత్రంతో నూరిన గుజ్జు ఉంటుంది. అందులో లిగ్నిన్ అలాగే ఉండిపోతుంది. ఎండా గాలీ తగిలితే లిగ్నిన్ రంగు మారుతుంది. సెల్యులోజుకు ఆ గుణం లేదు. మీ తాతగారి పెట్టెలో దాచిన పాత పత్రికలు పచ్చబడడానికి ముఖ్యకారణం ఇదే.

ఇంకొకటి కూడా చేయండి. దెబ్బలకు రాసే అయొడిన్ మందు ఒక చుక్క అన్నం మెతుకు మీద, ఒక చుక్క దూది మీద వేయండి. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకోండి. మెతుకు నల్లటి నీలం రంగుకు తిరుగుతుంది, దూది తిరగదు. అయొడిన్‌కు పిండిదండ తెలుసు, సెల్యులోజు దండ తెలియదు. ఇప్పుడు నోటుపుస్తకం కాగితం మీద వేసి చూడండి. నీలం వచ్చిందా? కంగారు పడకండి. మీరు చదివింది తప్పు కాదు. కాగితం బలంగా ఉండాలనీ, సిరా పాకకూడదనీ మిల్లువాళ్ళు దానికి గంజి పెట్టారు. చాకలి బట్టలకు పెట్టినట్టే!

ఇంత వేడీ, ఇంత ఒత్తిడీ, ఇన్ని పరీక్షలూ లేకుండానే మన ఇంటి దూలంలోని సెల్యులోజును గుట్టుచప్పుడు కాకుండా తీసుకుని తినేసే జీవి ఒకటుంది. దాని పేరు చెదపురుగు. దాని వంటిల్లు ఎలా ఉంటుందో మరో నెల చెప్పుకుందాం.